పలక కన్నా ముందు పలుకు

ఇంటికి చుట్టాలు రాగానే రెండేళ్ళ పాపను ముందుకు పిలిచి "అంకుల్‌కి ఏబీసీడీలు చెప్పమ్మా" అనడం ఇవాళ చాలా ఇళ్ళలో అతిథి మర్యాదల్లో ఒకటైపోయింది. పాప 'జీ' దాకా వచ్చి ఆగుతుంది, తల్లి 'హెచ్' అందిస్తుంది, ఎలాగో 'జెడ్' చేరితే అందరూ చప్పట్లు కొడతారు. అదే పాపకు దాహమేస్తే "నీళ్ళు కావాలి" అని అడగడం ఇంకా రాకపోవచ్చు. అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తుంది. ఇరవయ్యారు అక్షరాల వరస తనకొక పాట మాత్రమే. ఆ పాటతో తను ఎవరికీ ఏదీ చెప్పడం లేదు, ఎవరినీ ఏదీ అడగడం లేదు.

పిల్లల చదువు గురించి ఆరాటపడటం తప్పు కాదు. అయితే ఆ చదువు పలక మీద మొదలవుతుందనుకోవడం దగ్గరే చిక్కు. 'కొడవలి' అన్న మాట ఎన్నడూ చెవిన పడని పిల్ల రేపు బళ్ళో ఆ నాలుగక్షరాలూ కూడబలుక్కుని పైకి చదివినా, తను చదివిందేమిటో తనకు తెలియదు. చదవడమంటే తెలిసిన మాటను కాగితం మీద గుర్తుపట్టడం. కాబట్టి ముందు ఆ మాట తెలిసి ఉండాలి. రెండేళ్ళ వయసులో జరగాల్సిన చదువు ఇదే.

ఈ అధ్యాయమంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. పిల్లతో మాట్లాడండి, ఆ తర్వాత తన వంతు వచ్చిందని గుర్తుంచుకుని ఆగండి.

రెండేళ్ళకు ఎంత రావాలి?

రెండేళ్ళు నిండేసరికి ఎక్కువమంది పిల్లలు ఓ యాభై మాటలైనా పలుకుతారు. కొందరు వందల మాటలు చెబుతారు. "అమ్మ దా", "పాలు వద్దు", "నాన్న బండి" అని రెండేసి మాటలు కలపడం కూడా ఈ వయసులోనే మొదలవుతుంది. మూడేళ్ళు వచ్చేసరికి మూడు నాలుగు మాటల వాక్యాలు వస్తాయి. పిల్ల మాట ఇంట్లోవాళ్ళకు అర్థమైనంతగా బయటివాళ్ళకు అర్థం కాదు. రెండేళ్ళ పిల్ల మాటల్లో కొత్తవాళ్ళకు సుమారు సగం, మూడేళ్ళ పిల్ల మాటల్లో ముప్పాతిక వంతు అర్థమైతే చాలు. రాజు 'లాజు' అవుతాడు, కుక్క 'తుత్త' అవుతుంది. అది మొద్దుతనం కాదు. నాలుక తిరగడానికి కొంత కాలం పడుతుంది. 'నేను' అనడం ఇంకా కుదరక "పాపకి కావాలి" అని తన గురించే మరొకరి గురించి చెప్పినట్టు చెబుతుంది. అదీ మామూలే.

పలికే మాటల కన్నా అర్థమయ్యే మాటలు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. "ఆ బంతి తీసి తాతకివ్వు" అంటే బంతి తెచ్చి తాత చేతిలో పెడుతుంది. అంటే ఆ వాక్యం మొత్తం తనకు అర్థమైంది, నోటితో చెప్పడం మాత్రమే ఇంకా రాలేదు. అందుకే రెండేళ్ళ పిల్లతో మాట్లాడేటప్పుడు తను పలికే స్థాయికి మనం దిగిపోనక్కర్లేదు. ఒక మెట్టు పైనుంచి మాట్లాడితే సరిపోతుంది.

వంతు ఇవ్వడం ఎలా?

పిల్లలకు మాటలు రావాలంటే పొద్దస్తమానం వాళ్ళతో మాట్లాడుతూనే ఉండాలని చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం. అమెరికాలో రేచెల్ రోమియో బృందం నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. పెద్దవాళ్ళు ఎన్ని మాటలు కుమ్మరించారన్నది అంత ముఖ్యం కాదని అందులో తేలింది. పెద్దల నుంచి పిల్లకు, పిల్ల నుంచి పెద్దలకు మాట ఎన్నిసార్లు చేతులు మారిందన్నదే మెదడులోని భాషాభాగం చురుకుదనంతో ముడిపడి కనిపించింది. రెండేళ్ళ పిల్ల ఇంట్లో ఆ చేతులు మారడం ఎలా ఉంటుందో చూడండి. అమ్మమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది, పాప పక్కన చేరింది.

"కాయ."

"ఆఁ, చిక్కుడుకాయ. పచ్చ చిక్కుడుకాయ. లోపలేముందో చూద్దామా?"

అమ్మమ్మ కాయను విప్పి, ఏమీ అనకుండా పాప ముఖంలోకి చూస్తుంది. పాప వంగి చూస్తుంది.

"పప్పు!"

"పప్పులాగే ఉంది కదూ! గింజ. బుల్లి గింజ."

"ఇంకో."

"ఇంకో గింజ కావాలా? ఇదిగో, ఇంకో గింజ దొరికింది. గిన్నెలో వెయ్యి."

"గింజ వెయ్యి."

"గింజ గిన్నెలో వేసింది మా బంగారం. ఠంగుమంది!"

నిమిషం కూడా పట్టని ఈ ముచ్చటలో అమ్మమ్మ నాలుగు పనులు చేసింది. పాప దేన్ని చూస్తోందో దాని గురించే మాట్లాడింది తప్ప, తన దృష్టిని గోడమీద చార్టు వైపు మళ్ళించలేదు. పాప అన్న ఒక్క మాటకు ఒకటో రెండో మాటలు చేర్చి తిరిగిచ్చింది. 'కాయ' చిక్కుడుకాయ అయింది, 'ఇంకో' ఇంకో గింజ అయింది. "తప్పు, పప్పు కాదు" అనలేదు, సరైన మాటను ఊరికే తన మాటల్లో కలిపి చెప్పింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రశ్న అడిగాక ఆగింది.

ఆగడమే అన్నిటికన్నా కష్టమైన పని. మనం అడిగి, రెండో క్షణంలోనే జవాబు కూడా మనమే చెప్పేస్తాం. పిల్ల విన్నది అర్థం చేసుకుని, మాట వెతుక్కుని, నోరు సిద్ధం చేసుకోవడానికి వ్యవధి కావాలి. మనసులో నెమ్మదిగా అయిదు దాకా లెక్కపెట్టుకోండి. అప్పటికీ మాట రాకపోతే, చూపు గానీ వేలు గానీ నవ్వు గానీ వస్తే దాన్నే జవాబుగా తీసుకోండి. తను చూపించినదాని పేరు చెప్పి మళ్ళీ ముచ్చట కొనసాగించండి.

'బువ్వ', 'లాల', 'అప్పచ్చి', 'జోజో' లాంటి ముద్దుమాటలు వాడొచ్చా అని అడుగుతుంటారు. నిరభ్యంతరంగా వాడొచ్చు. సాగదీసి, రాగం తీసి మాట్లాడితే పిల్లలు చెవి ఒగ్గి వింటారు. పక్కనే పెద్దల మాట కూడా పెట్టండి: "బువ్వ తిందామా? అన్నం వేడిగా ఉంది, ఊదుకుందాం." పిల్ల తప్పుగా పలికినదాన్ని మాత్రం ముద్దొచ్చిందని మీరు తిరిగి పలకొద్దు. తను 'తుత్త' అంటే మీరు "అవును, కుక్క వచ్చింది" అనండి.

పనుల్లోనే పాఠం

ఇందుకోసం విడిగా గంట కేటాయించనక్కర్లేదు. స్నానం చేయించేటప్పుడు పోయడం, రుద్దడం, తుడవడం, ఆరబెట్టడం అన్నీ క్రియలే. డబ్బాలు సర్దేటప్పుడు 'లోపల', 'మీద', 'కింద', 'వెనక' వస్తాయి. తెలుగులో 'కి', 'లో', 'తో' లాంటి చిన్న ముక్కలే వాక్యాన్ని కట్టిపడేస్తాయి. "చెంచాతో తిను", "తాతకి ఇవ్వు", "సంచిలో పెట్టు" అని పని చేస్తూ వింటేనే అవి పట్టుబడతాయి. ఫ్లాష్ కార్డుల్లో ఉండేవి పేర్లే. వాటితో వాక్యాలు రావు.

మన భాషలో ధ్వనులకు కొదవ లేదు. వాన జల్లున కురుస్తుంది, చినుకులు టపటపా పడతాయి, చెంబు బుడుంగున మునుగుతుంది, తాలింపు చుయ్యిమంటుంది, గాజులు గలగలమంటాయి. పూర్తి మాట నోరు తిరగని పిల్ల కూడా 'బుడుంగ్' అనగలదు. అంటే తన వంతు తను తీసుకోగలదు. "పాలూ గీలూ", "బండీ గిండీ" లాంటి జంట మాటలు కూడా సరదాగా వాడండి. మొదటి ధ్వని మారి మిగతాది అలాగే ఉండటం పిల్ల చెవికి తమాషాగా ఉంటుంది. మాటలోని ధ్వనులను విడివిడిగా పట్టుకునే ఈ చెవే రేపు అక్షరాలు నేర్చుకునేటప్పుడు అక్కరకొస్తుంది.

ఒక జాగ్రత్త. గింజలు, బఠాణీలు, పూసలు పిల్ల చేతికిస్తే పెద్దవాళ్ళెవరో ఒకరు పక్కనుంచి కదలకూడదు. ఈ వయసులో ఏది దొరికినా ముందు నోట్లోకే వెళ్తుంది, గొంతులో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది.

పాట మధ్యలో ఆపండి

చిట్టిచిలకమ్మ పాట తెలియని తెలుగిల్లు అరుదు. ఆ పాట దాదాపు మొత్తం చిలకను అడిగే చిన్న చిన్న ప్రశ్నలతోనే నడుస్తుంది, చివర్లు ఒకేలా మోగుతాయి. రెండేళ్ళ పిల్లకు ఇంతకన్నా అనువైన పాఠం లేదు. నాలుగైదు రోజులు పూర్తిగా పాడి వినిపించాక, చరణం చివరి మాట దగ్గర ఆగండి. పిల్ల ఆ మాట అందిస్తుంది. మొదట తోక మాత్రమే వస్తుంది, తర్వాత మాటంతా వస్తుంది, కొన్నాళ్ళకు మీరు తోక అందుకుంటే తనే పాడుతుంది.

చప్పట్లు కూడా పనికొస్తాయి. 'చి-ల-క' అంటూ మూడు చప్పట్లు, 'అ-మ్మ' అంటూ రెండు, ఇంట్లోవాళ్ళ పేర్లకు తలా కొన్ని చప్పట్లు కొట్టండి. తెలుగు రాతలో చిలకకు మూడక్షరాలు, అమ్మకు రెండు. చప్పట్లతో మాటను తునకలు చేయడం అలవాటైన పిల్లకు, మన లిపి కూడా అలాగే తునకలుగా నడుస్తుందని తర్వాత్తర్వాత సులువుగా పట్టుబడుతుంది. రెండేళ్ళకు లెక్క తప్పుతుంది, తప్పనివ్వండి. చేతులూ మాటలూ కలిసి కదిలితే అదే చాలు.

పుస్తకాన్ని చదవొద్దు, చెప్పుకోండి

అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా ఈ వయసు పిల్లల మీదే జరిగింది. రెండు జట్ల తల్లిదండ్రులూ పిల్లలకు బొమ్మల పుస్తకాలు చదివారు. ఒక జట్టుకు మాత్రం ఎలా చదవాలో కొంచెం శిక్షణ ఇచ్చారు. ప్రశ్న అడగడం, పిల్ల జవాబును పొడిగించడం, పిల్ల చేతే కథ చెప్పించడం అందులోని అంశాలు. నెల తిరిగేసరికి ఆ జట్టు పిల్లలు మాటల్లో స్పష్టంగా ముందున్నారు. పుస్తకాలు రెండు జట్ల దగ్గరా ఉన్నాయి. తేడా అంతా చదివిన పద్ధతిలోనే వచ్చింది.

ఆవు బొమ్మ ఉన్న పేజీ తీశారనుకోండి. "ఇదేంటి? ఇదేంటి?" అని ఊదరగొడితే అది పరీక్ష అవుతుంది, రెండు పేజీలకు పిల్ల లేచిపోతుంది. "ఆవు ఏం చేస్తోందబ్బా?" అని ఆగండి. "తింటోంది" అంటే "గడ్డి తింటోంది. మన వీధిలో ఆవు నిన్న ఏం తింది?" అని బొమ్మను తన లోకంతో కలపండి. "అరటితొక్క" అంటే ఆ పూటకు పాఠం పండినట్టే.

పేజీలు వరసగా తిప్పాలని లేదు, ప్రతి వాక్యమూ చదవాలని లేదు. మొదట్లో మూడు నాలుగు నిమిషాలు కూర్చుంటే గొప్ప. ఒకే పుస్తకం వారమంతా పట్టుకొస్తే విసుక్కోకండి. ఏం రాబోతోందో తెలిసినప్పుడే పిల్లకు ముందుగా చెప్పే ధైర్యం వస్తుంది. పుస్తకం తిరగేసి పట్టుకుని, సరిచేసుకుని, అట్ట ఎటో చివర ఎటో తెలుసుకోవడం కూడా అక్షరాస్యతలో మొదటి మెట్టే. చిరిగితే టేపు వేయండి. అద్దాల బీరువాలో దాచిన పుస్తకం రెండేళ్ళ పిల్లకు లేనట్టే లెక్క.

పేజీకి ఒకే పెద్ద బొమ్మ, దళసరి అట్టలు, ఒకటి రెండు వాక్యాలు ఉన్నవి ఎంచుకోండి. సికింద్రాబాదులోని మంచి పుస్తకం, చెన్నైలోని తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని ఫోనులో చూపించకుండా ప్రింటు తీసి కుట్టండి. ఏదీ కుదరకపోతే ఇంట్లోవాళ్ళ ఫొటోలు పది అంటించి ఒక పుస్తకం చేయండి. పిల్ల అన్నిటికన్నా ఎక్కువ అడిగేది ఆ పుస్తకాన్నే. బొమ్మలు చూపి కబుర్లు చెప్పడానికి అక్షరాలు రావాల్సిన పని లేదు. చదువుకోని నాయనమ్మ కూడా ఈ పాఠం ముప్పూటలా చెప్పగలదు.

ఫోను మాట్లాడుతుంది, వినదు

"యూట్యూబు చూసి ఇంగ్లీషు రైమ్స్ అన్నీ నేర్చుకుంది" అని మురిసిపోయే ముందు ఒక ప్రయోగం గురించి తెలుసుకోవాలి. అమెరికాలోని సియాటిల్‌లో పెట్రీషియా కూల్ బృందం ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న తొమ్మిది నెలల పసివాళ్ళకు చైనా వారి మాండరిన్ భాష వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాలను పట్టుకున్నారు. అదే మనిషి అవే మాటలు టీవీలో చెబితే ఏమీ పట్టుకోలేదు. 2003లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. వీడియో పిల్ల చూపు వెంట తన చూపు తిప్పదు, పిల్ల ఏదైనా అంటే ఆగి వినదు. అందులో పిల్లకు వంతు లేదు.

రెండేళ్ళ లోపు స్క్రీన్ అసలే వద్దని, రెండు నుంచి అయిదేళ్ళ వరకు రోజుకు గంట మించకూడదని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. దూరంగా ఉన్న తాతా నానమ్మలతో వీడియో కాల్ వేరు, అవతల వినే మనిషి ఉంటారు. ముందుగా మాన్పించాల్సింది అన్నం తినేటప్పటి ఫోను. రోజుకు మూడుసార్లు ఎదురెదురుగా కూర్చునే అవకాశాన్ని అది తినేస్తోంది.

అక్షరాలు ఎప్పుడు?

వసంత పంచమికి బాసర వెళ్ళి అక్షరాభ్యాసం చేయించాలనుకుంటే సంతోషంగా చేయించండి. అది పండుగ. మర్నాటి నుంచి పలక మీద దిద్దించడం మాత్రం మొదలుపెట్టొద్దు. 2020 జాతీయ విద్యావిధానంలో కూడా పునాది దశ మూడేళ్ళ నుంచే మొదలవుతుంది, ఒకటో తరగతి ఆరేళ్ళకు. మూడేళ్ళ లోపు పిల్లల కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో తెచ్చిన 'నవచేతన' మార్గదర్శిలో ప్రాధాన్యం ఆటపాటలకూ మాటలకూ ఇచ్చారు.

రెండేళ్ళ చేతికి కావాల్సింది లావు క్రేయాన్, పెద్ద కాగితం, లేదా నేల మీద సుద్దముక్క. పిడికిలితో పట్టుకుని గీకుతుంది, సున్నాలు చుడుతుంది. "ఏం గీశావ్?" అంటే "బండి" అంటుంది. ఆ గీతల పక్కన మీరు 'బండి' అని రాసి, వేలు పెట్టి చదవండి. నోటి మాట కాగితం మీదికి వస్తుందని అలా తెలుస్తుంది. చపాతీ పిండి పిసకడం, చెంబుతో నీళ్ళు పోయడం వేళ్ళకు మంచి కసరత్తు. పాల ప్యాకెట్టు మీద, బస్సు బోర్డు మీద, పెళ్ళి శుభలేఖ మీద రాసి ఉన్నది మీరు పైకి చదువుతుంటే, గీతల్లో అర్థముంటుందని పిల్ల గ్రహిస్తుంది. తనంతట తను "ఇదేంటి?" అని అక్షరం చూపిస్తే చెప్పండి. చెప్పమని వెంటపడకండి.

ఏ భాషలో?

మీకు ధారాళంగా వచ్చిన భాషలో మాట్లాడండి. రేపు స్కూల్లో ఇంగ్లీషు కావాలని, రాని ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అంటూ గడిపితే పిల్లకు దక్కేవి ఆజ్ఞలే, కబుర్లు కావు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. డాలస్‌లో ఇంట్లో తెలుగు, డేకేర్‌లో ఇంగ్లీషు వినే పిల్ల "మిల్క్ కావాలి" అని కలిపేస్తే కంగారు పడనక్కర్లేదు. తన మాటలు లెక్కపెట్టాలంటే రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టాలి.

ప్లేస్కూలు చూడటానికి వెళ్ళినప్పుడు కూడా "ఎప్పటికల్లా ఏబీసీడీలు వస్తాయి?" అని అడగొద్దు. టీచరు పిల్ల ఎత్తుకు వంగి మాట్లాడుతోందా, పుస్తకాలు పిల్ల చేతికందే ఎత్తులో ఉన్నాయా, ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలు, గదిలో పిల్లల మాటలు వినపడుతున్నాయా అన్నవి చూడండి. చేతులు కట్టుకుని నిశ్శబ్దంగా కూర్చున్న రెండేళ్ళ పిల్లలు కనిపిస్తే అక్కడ చేర్పించకండి.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

"మగపిల్లలకు ఆలస్యమే", "వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకు వచ్చాయి" అన్న ఓదార్పుతో నెలలు గడిచిపోతాయి. ఇవి కనిపిస్తే ఆగొద్దు:

- రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి చెప్పకపోవడం
- పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం
- కావాల్సినది వేలితో చూపించకపోవడం
- వచ్చిన మాటలు పోవడం, అది ఏ వయసులోనైనా సరే

ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే డీఈఐసీ కేంద్రాలు ఉన్నాయి. అక్కడ సేవలు ఉచితం. దారి తెలియకపోతే అంగన్‌వాడీ టీచర్ని గానీ ఆశా కార్యకర్తను గానీ అడగండి. పరీక్షలో ఏమీ లేదని తేలితే నష్టం లేదు. ఏదైనా ఉంటే ముందే తెలియడం వల్ల ఎంతో మేలు.

ఈ వారం నుంచి

- రోజుకు ఒక భోజనమైనా ఫోను, టీవీ లేకుండా పెట్టండి.
- రోజుకు ఒక పుస్తకం, పిల్ల తెచ్చిందే చెప్పుకోండి.
- ఒక పాట ఎంచుకుని చివరి మాట దగ్గర ఆగండి.
- పిల్ల ఒక మాట అంటే దానికి ఒకటి చేర్చి తిరిగివ్వండి.
- ప్రశ్న అడిగాక మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి.

ఈ అయిదూ అమ్మ ఒక్కతే చేయాల్సినవి కావు. ఆఫీసు నుంచి వచ్చిన నాన్న, పేపరు చదివే తాత, బడి నుంచి వచ్చిన అక్క తలా ఒకటి పంచుకోండి. అక్షరాలు నేర్పడానికి ముందు ముందు బోలెడన్ని ఏళ్ళున్నాయి, బోలెడంతమంది టీచర్లున్నారు. రెండేళ్ళ పిల్ల మాట పూర్తయ్యేదాకా ఓపిగ్గా వినాల్సింది మాత్రం ఇంట్లో ఉన్న మీరే. ఇవాళే మొదలుపెట్టండి.